ఎనర్జీ ఎఫిషియెన్సీ పడిపోతుంటే ఎక్సర్జీ ఎఫిషియెన్సీ పెరగడమేంటి? (బాయిల్డ్ మిల్లు డ్రయ్యర్ లెక్క)

#1 ఊకపొయ్యి | మిర్యాలగూడ

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి.

మాది చిన్న బాయిల్డ్ మిల్లు. వడ్లు నానబెట్టి, ఆవిరి పట్టి, డ్రయ్యర్‌లో ఆరబెట్టి మర పడతాం. డ్రయ్యర్ అందరి దగ్గరా ఉండే ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) రకమే. పైనుంచి వడ్లు దిగుతుంటాయి, మధ్యలో బోర్లించిన రేకుల కింద నుంచి వేడి గాలి దూరుతుంది. గాలిని వేడి చేసేది ఆవిరి రేడియేటర్. ఆవిరికి బాయిలర్, బాయిలర్‌కి మా ఊకే.

ఈ యాసంగి నుంచి మా ఊక మాకే చాలట్లేదు. టన్ను వడ్లకు 200 కిలోల దాకా ఊక వస్తుంది కదా. మా నాన్న చూసుకున్న రోజుల్లో మిగిలింది ఇటుక బట్టీలకు అమ్మేవాళ్ళం. ఇప్పుడు పక్కనున్న రా మిల్లు (ఉడకబెట్టకుండా పచ్చి వడ్లు మర పట్టేది) నుంచి ట్రాక్టర్లతో కొని తెస్తున్నాం.

ఒక కన్సల్టెంట్‌ని పిలిచాం. రెండు రోజులు అక్కడక్కడా థర్మామీటర్లు పెట్టి రిపోర్ట్ ఇచ్చాడు. అందులో ఉన్నది ఇది:

లోపలికి వెళ్ళే గాలి 80 డిగ్రీలు, బయటి గాలి 30. ఎగ్జాస్ట్ గాలి (డ్రయ్యర్‌లోంచి బయటికి పోయేది) బ్యాచ్ మొదట్లో 42, చివర్లో 66.
ఎనర్జీ ఎఫిషియెన్సీ మొదట్లో 76 శాతం, చివర్లో 28.
ఎక్సర్జీ ఎఫిషియెన్సీ మొదట్లో 6 శాతం, చివర్లో 53.

ఒకటి పడుతుంటే ఇంకోటి లేస్తోంది! కింద సలహా ఏమిటంటే, ఎక్సర్జీ పరంగా చివరి దశ బాగుంది కాబట్టి గాలి వేడి పెంచి మొదటి దశను తొందరగా ముగించమని. ఎక్సర్జీ అంటే ఏంటని అడిగితే "శక్తి నాణ్యత అండీ" అన్నాడు. నేను డిప్లొమా మెకానికల్ చదివాను, ఈ మాట ఎప్పుడూ తగల్లేదు. ఫీజైతే కట్టేశాం. ఇప్పుడు ఏ అంకె నమ్మాలి?

#2 గోదారి_మిల్లర్ | మండపేట

తమ్ముడూ, ఎక్సర్జీ సంగతి దేవుడెరుగు. చివర్లో వేడి పెంచావంటే నూకలు మాత్రం గ్యారంటీ. ఉప్పుడు వడ్లు తేమ 16 శాతానికి దిగేదాకా ఎంత వేడైనా ఓర్చుకుంటాయి. పగుళ్ళు వచ్చేది ఆ తర్వాతే. అందుకే మా పెద్దవాళ్ళు మధ్యలో ఆపి, గుట్ట పోసి, గింజ లోపలి తేమ పైకి వచ్చాక రెండో దఫా ఆరబెట్టేవారు. నువ్వు ఒకే దఫాలో 14కి దించేస్తున్నావా?

#3 ఊకపొయ్యి

ఒకే దఫా బాబాయ్. లేబర్ సమస్య. బిన్‌లు (వడ్లు నిల్వ ఉంచే గదులు) కూడా తక్కువ.

#4 రెండో_సూత్రం | వరంగల్

థర్మోడైనమిక్స్ పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి, అందుకే ఈ దారం (చర్చ) చూసి ఆగలేకపోయాను. కొంచెం పొడుగు రాస్తాను.

ముందు ఎక్సర్జీ. మీ దగ్గర వెయ్యి రూపాయల విలువ చేసే పావలా బిళ్ళలు ఉన్నాయనుకోండి. లెక్కకు వెయ్యే. కానీ 2011 నుంచి పావలాలు చెల్లవు, ఏ కొట్లోనూ తీసుకోరు. వేడి కూడా అంతే. వెయ్యి డిగ్రీల మంటలో ఉన్న 50 కిలోజౌళ్ళు, 80 డిగ్రీల గాలిలో ఉన్న 50 కిలోజౌళ్ళు ఎనర్జీ లెక్కలో సమానం. చెల్లుబాటులో కాదు. చుట్టూ ఉన్న వాతావరణంతో పోలిస్తే ఆ వేడితో ఎంత పని చేయించగలమో దాన్నే ఎక్సర్జీ అంటారు. ఈ ఆలోచన 1824లో కార్నో అనే ఫ్రెంచ్ ఇంజినీరు దగ్గరే మొదలైంది. పేరు పెట్టింది మాత్రం 1956లో, జొరాన్ రాంట్ అనే స్లొవేనియా ఇంజినీరు.

మీ గాలి సంగతి చూద్దాం. 30 నుంచి 80 డిగ్రీలకు వేడి చేసిన ఒక కిలో గాలిలో అదనంగా ఉన్న వేడి సుమారు 50 కిలోజౌళ్ళు. అందులో పనిగా మారగలిగింది 3.7 మాత్రమే. అంటే ఏడున్నర శాతం కూడా లేదు.

ఇక మీ కన్సల్టెంట్ అంకెలు. తప్పు చేయలేదు, కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎనర్జీకి వాడిన సూత్రం ఇది: (లోపలి గాలి – ఎగ్జాస్ట్) ÷ (లోపలి గాలి – బయటి గాలి). మొదట్లో 38 ÷ 50, చివర్లో 14 ÷ 50. ఎక్సర్జీకి మాత్రం "బయటికి పోయిన ఎక్సర్జీ ÷ లోపలికి వెళ్ళిన ఎక్సర్జీ" తీసుకున్నాడు. చాలా రీసెర్చ్ పేపర్లలో కూడా ఇదే వాడతారు, నా దృష్టిలో అదో పెద్ద దురాచారం. ఎగ్జాస్ట్ ఎంత వేడిగా పోతే ఆ అంకె అంత పెరుగుతుంది. డ్రయ్యర్‌లో వడ్లే పోయకుండా ఖాళీగా తిప్పితే దాదాపు 100 వస్తుంది.

ఆ సూత్రం టర్బైన్ లాంటి వాటికి పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ బయటికి వచ్చే ఆవిరిని ఇంకోచోట వాడుకుంటారు. మీ ఎగ్జాస్ట్‌ని మీరు వాడుకోవడం లేదు, ఆకాశంలోకి వదిలేస్తున్నారు. వదిలేసిన దాన్ని ఫలితం కింద ఎలా రాస్తాం?

సరైనది: నీళ్ళు ఆవిరి చేయడానికి ఉపయోగపడిన ఎక్సర్జీ ÷ గాలి తెచ్చిన ఎక్సర్జీ. గింజ 40 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే మొదట్లో 33 శాతం వస్తుంది, చివర్లో 12. ఇప్పుడు రెండు అంకెలూ ఒకే వైపు నడుస్తున్నాయి, చూశారా.

#5 బీటెక్_లాస్ట్‌బెంచ్

సార్, చిన్న డౌట్. 35 శాతం తేమ నుంచి 14కి దించితే టన్నుకు 210 కిలోల నీళ్ళు పోతాయి కదా, దానికి ఎన్ని కిలోజౌళ్ళు కావాలో లెక్కేస్తే అయిపోదా?

#6 ఆవిరి_ఆడిటర్ | విజయవాడ

210 కాదమ్మా, 244. ఈ తప్పు ఇంజినీర్లు కూడా చేస్తారు, ఫీల్ అవ్వకు. టన్ను తడి వడ్లలో పొడి సరుకు 650 కిలోలు. ఆ 650 చివరి బరువులో 86 శాతం కావాలి, అంటే 756. పోయింది 244. అదే 14 శాతానికి ఆరిన ఒక టన్ను బయటికి రావాలంటే 323 కిలోల నీళ్ళు తీయాలి. మిల్లర్ ఆరిన బరువు మీద మాట్లాడతాడు, డ్రయ్యర్ కంపెనీవాళ్ళు తడి బరువు మీద మాట్లాడతారు. గొడవలు సగం అక్కడే.

ఇక రెండో_సూత్రం గారూ, మీ మీద గౌరవం ఉంది గానీ ఒక మాట. గింజ 40 డిగ్రీలన్నారు. మొదట్లో సరే. చివరికి తేమ తగ్గాక గింజ చల్లగా ఉండదు కదా, 60కి వస్తుంది. 60 వేసి మళ్ళీ లెక్క కట్టండి.

#7 రెండో_సూత్రం

పట్టుకున్నారు. 60 వేస్తే చివర్లో కూడా 34 శాతం వస్తోంది. అంటే గింజను అనవసరంగా కాల్చినా నా సూత్రం మెచ్చుకుంటోంది. #4లో నేను వేసిన 12 శాతాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

శాతాలు వదిలేద్దాం. ఒక కిలో నీళ్ళు తీయడానికి గాలి ద్వారా ఎంత ఎక్సర్జీ పోశాం? మొదట్లో 235 కిలోజౌళ్ళు, చివర్లో 640 దగ్గర. ఈ అంకెకు ఎవరి నిర్వచనంతోనూ పని లేదు. చివరి దశలో కిలో నీళ్ళ ఖరీదు రెండున్నర రెట్ల పైనే. మీ కన్సల్టెంట్ దేన్ని బాగుందన్నాడో అదే మీ ఊకను తింటోంది.

#8 ఆవిరి_ఆడిటర్

అది ఎనర్జీ లెక్క కూడా చెప్పింది కదా సార్, 76 నుంచి 28 అని? మరి ఎక్సర్జీ మనకెందుకు? నేను ముప్పై ఏళ్ళుగా బాయిలర్లు చూస్తున్నాను. థర్మామీటర్, స్టీమ్ మీటర్, తూకం ఉంటే చాలు. ఎక్సర్జీ పేపర్లు రాసుకోవడానికి.

ఊకపొయ్యి గారికి నా లెక్క ఇస్తా, చూడండి. ఆరిన టన్నుకు 323 కిలోల నీళ్ళు, కిలోకు 2,400 కిలోజౌళ్ళు, అంటే 775 మెగాజౌళ్ళు. బాయిలర్, పైపులు కలిపి 70 శాతం అనుకుందాం. ఊక కిలోకు 13 మెగాజౌళ్ళు. మీ ఎగ్జాస్ట్ సగటు 58 అయితే డ్రయ్యర్ 44 శాతం. లెక్క కడితే టన్నుకు 194 కిలోల ఊక డ్రయ్యర్‌కే పోతోంది. నానబెట్టడానికి, ఆవిరి పట్టడానికి వేరే. మీకొచ్చేది 200. చాలకపోవడంలో వింత లేదు.

ఎగ్జాస్ట్ సగటు 45కి తెస్తే డ్రయ్యర్ 70 శాతం అవుతుంది, ఊక 122 కిలోలు చాలు. దీనికి ఎక్సర్జీ ఎక్కడ కావాల్సి వచ్చింది?

#9 రెండో_సూత్రం

డ్రయ్యర్ గోడల మధ్యే ఉంటే మీరన్నది నిజం. గోడ దాటి వెనక్కి, బాయిలర్ దాకా వెళ్దాం. మీ బాయిలర్ దగ్గర పీఆర్‌వీ (ఆవిరి ఒత్తిడి తగ్గించే వాల్వు) ఉందా ఊకపొయ్యి గారూ?

#10 ఊకపొయ్యి

ఉంది సార్. బాయిలర్ 10 కేజీ ప్రెజర్‌లో నడుస్తుంది, రేడియేటర్‌కి 3 కేజీకి తగ్గించి పంపుతాం.

#11 రెండో_సూత్రం

ఆడిటర్ గారూ, ఆ పీఆర్‌వీలో ఎనర్జీ నష్టం ఎంత రాస్తారు మీ రిపోర్ట్‌లో?

#12 ఆవిరి_ఆడిటర్

సున్నా. లాగింగ్ (వేడి పోకుండా పైపులకు చుట్టే పొర) బాగుంటే సున్నానే. ఎక్కడికి తీసుకెళ్తున్నారో అర్థమైంది లెండి, కానివ్వండి.

#13 రెండో_సూత్రం

సున్నా అని రాస్తారు, రాయడం కూడా సరైనదే. కానీ 184 డిగ్రీల ఆవిరి 144కి దిగింది. అందులోని పని సామర్థ్యంలో దాదాపు ఐదో వంతు ఆ వాల్వులో గుటుక్కుమంది. శబ్దం తప్ప ఏమీ మిగల్లేదు. ఈ నష్టం ఎనర్జీ పద్దులో ఎప్పటికీ కనపడదు.

మొత్తం దారి చూద్దాం. ఊకలో ఉన్న ఎక్సర్జీని 100 రూపాయలనుకోండి. మండి, బాయిలర్ దాటి, పీఆర్‌వీ దాటి రేడియేటర్‌కి చేరేసరికి 17 రూపాయలు. రేడియేటర్‌లో 144 డిగ్రీల ఆవిరి 80 డిగ్రీల గాలిగా మారేసరికి 4 రూపాయల 70 పైసలు. గింజలో నీటిని లేపడానికి అక్కరకొచ్చింది, బ్యాచ్ బాగా నడిచే మొదటి గంటల్లో కూడా, రూపాయిన్నర.

గింజను గాలి తాకకముందే 95 రూపాయలు అయిపోయాయి. మనమేమో మిగిలిన 5 రూపాయల దగ్గర కూర్చుని కొట్టుకుంటున్నాం.

#14 గోదారి_మిల్లర్

అమ్మో. ఇది వినడానికి ఎలా ఉందంటే, పెళ్ళి ఖర్చులో 95 పాళ్ళు షామియానాకే పోయాయన్నట్టుంది.

అయితే మాస్టారూ నాకో ధర్మసందేహం. కళ్ళంలో ఎండబెడితే? మా తాతల నాడు పెద్ద పెద్ద సిమెంటు కళ్ళాలు, ఆడవాళ్ళు కాళ్ళతో చాళ్ళు తోలేవారు. ఖర్చు కూలి ఒక్కటే. మీ ఎక్సర్జీ దానికేమంటుంది?

#15 రెండో_సూత్రం

ఎండ ఎక్సర్జీ పరంగా చాలా ఖరీదైన సరుకు బాబాయ్. సూర్యుడి ఉపరితలం 5,800 కెల్విన్ దగ్గర ఉంటుంది కాబట్టి ఎండలో 90 శాతం పైగా పని సామర్థ్యమే. దాన్ని 45 డిగ్రీల నేలగా మార్చడం ఎక్సర్జీ పుస్తకంలో మహాపాపం. కానీ ఆ సరుకుకు బిల్లు రాదు. బిల్లు రాని చోట ఎక్సర్జీ నష్టాన్ని తలుచుకుని ఏడవడం దండగ.

ఇంతకంటే సరదా విషయం ఒకటుంది. వడ్లు ఆరబెట్టడానికి సిద్ధాంతం ప్రకారం కావలసిన కనీస పని ఎంతో తెలుసా? సున్నా కంటే తక్కువ. 30 డిగ్రీల దగ్గర, 70 శాతం తేమ ఉన్న గాలిలో ఒక కిలో నీళ్ళు తమంతట తాము ఆవిరైపోతాయి, పైగా 50 కిలోజౌళ్ళ పని ఇచ్చే అవకాశంతో సహా. దండెం మీద బట్టలు కరెంటు లేకుండా ఆరేది అందుకే. వడ్లు కూడా 14 శాతం దగ్గరికి వచ్చేదాకా ఇంచుమించు అదే దారి. నీరు గింజను గట్టిగా పట్టుకుని ఉండేది ఆ కిందనే.

మరి ఊకెందుకు తగలేస్తున్నాం? టైమ్ కోసం. ఆవిరి పట్టిన వడ్లు అలాగే వదిలేస్తే తెల్లారేసరికి పులుపు వాసన, ఆ మర్నాటికి బూజు. ఎండకు రెండు మూడు రోజులు పట్టేదాన్ని డ్రయ్యర్ కొన్ని గంటల్లో ముగిస్తుంది. వేడి పెంచడమంటే గంటలు కొనడం.

#16 గోదారి_మిల్లర్

అది ఒప్పుకుంటా. తుపాను రోజుల్లో కళ్ళం మీద వడ్లు మొలకెత్తడం చూసినవాడెవడూ డ్రయ్యర్‌ని తిట్టడు.

అన్నట్టు యాసంగి వడ్లు మీవైపు ఎండలకు పచ్చిగా మర పడితే నుజ్జు అవుతాయి కాబట్టి బాయిల్డ్ తప్పదు. 2021–22లో ఆ బియ్యం తీసుకోము పొమ్మన్నప్పుడు మిల్లర్ల బతుకు ఏమైందో ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకి…

#17 మోడరేటర్

రాజకీయాలకు వేరే విభాగం ఉంది బాబాయ్ గారూ. ఇక్కడ డ్రయ్యర్లు.

#18 మునగాకు_అక్క | అనంతపురం

నాది చిన్న ప్రశ్న, మిల్లు కాదు. మునగాకు ఆరబెట్టి పొడి చేసి అమ్ముతాం. ట్రే డ్రయ్యర్, లోపల కరెంటు హీటర్లు, 55 డిగ్రీలు పెడతాం. కరెంటు బిల్లు చూస్తే గుండె ఆగుతోంది. డ్రయ్యర్ అమ్మినాయన "కరెంటు హీటర్ 100 శాతం ఎఫిషియెంట్ మేడమ్" అన్నాడు. నిజమేనా?

#19 రెండో_సూత్రం

అక్కా, నిజమే, అక్షరాలా నిజం. మోసం కూడా అక్కడే ఉంది.

కరెంటు అంటే మొత్తం ఎక్సర్జీయే. నోట్లలో పెద్ద నోటు. దాన్ని 55 డిగ్రీల గాలి కింద మారిస్తే 100లో 4 మిగులుతాయి. ఊక తగలబెట్టి వేడి గాలి చేస్తే కనీసం చవక సరుకు పోతోంది. మీరు కాల్చేది బంగారం.

అదే కరెంటుతో వేడిని పుట్టించకుండా, బయటి గాలి నుంచీ, మీ తేమ గాలి నుంచీ వేడిని లాగి లోపలికి తోయొచ్చు. ఫ్రిజ్ తిరగేసినట్టు. హీట్ పంప్ డ్రయ్యర్ అంటారు. ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి తేలిగ్గా వస్తుంది. 30 నుంచి 55 డిగ్రీలకు కార్నో హద్దు (సిద్ధాంతం ప్రకారం యూనిట్ కరెంటుకు రాగల గరిష్ఠ వేడి) 13 యూనిట్లు, కాబట్టి 3 అంటే గొప్పేం కాదు, అయినా మీ బిల్లు మూడో వంతుకు వస్తుంది. ఇంకో లాభం, తక్కువ వేడిలో ఆకు పచ్చదనం నిలుస్తుంది.

#20 ఆవిరి_ఆడిటర్

ఒక జాగ్రత్త అక్కా. మెషీన్ ధర ఎక్కువ, ఏసీ మెకానిక్ దొరికే ఊళ్ళోనే పెట్టుకోండి. ఏడాదిలో ఎన్ని రోజులు నడుపుతారో చూసి నిర్ణయించుకోండి. మీ దగ్గర ఎండకు కరువు లేదు కదా, పగలు సోలార్ డ్రయ్యర్, రాత్రికీ మబ్బుకీ హీట్ పంప్ అన్నా బాగుంటుంది. ఆకు మీద నేరుగా ఎండ పడకుండా చూసుకోండి, రంగు పోతుంది.

#21 మునగాకు_అక్క

థ్యాంక్స్ ఇద్దరికీ. ఏసీ మెకానిక్ మా మరిదే, ఆ టెన్షన్ లేదు 😄

#22 పాలపొడి_మనిషి | చిత్తూరు

ఆలస్యంగా చూశాను. డెయిరీలో స్ప్రే డ్రయ్యర్ మీద పనిచేస్తాను. మా దగ్గర ఒక నియమం రాయకుండానే అమల్లో ఉంది: డ్రయ్యర్‌కు వెళ్ళే నీళ్ళ కంటే ఖరీదైన నీళ్ళు లేవు. అందుకే పాలను ముందు ఎవాపరేటర్‌లో 45–50 శాతం ఘనపదార్థం వచ్చేదాకా చిక్కబరుస్తాం. అక్కడ ఒక ఎఫెక్ట్ (మరిగించే పాత్ర) నుంచి లేచిన ఆవిరి పక్క ఎఫెక్ట్‌ను మరిగిస్తుంది కాబట్టి కిలో ఆవిరితో నాలుగైదు కిలోల నీళ్ళు తీస్తాం. స్ప్రే డ్రయ్యర్‌లో అదే కిలో నీళ్ళకు రెండు కిలోలకు పైగా ఆవిరి ఖర్చవుతుంది. పది రెట్ల తేడా.

వడ్లకు ఎవాపరేటర్ ఉండదు, తెలుసు. కానీ డ్రయ్యర్‌లోకి 35 శాతం తేమతో ఎందుకు పోస్తున్నారు? తక్కువ నీళ్ళు తాగించే మార్గం లేదా?

#23 గోదారి_మిల్లర్

ఉంది. ప్రెజర్ బాయిలింగ్. తక్కువసేపు నానబెట్టి, ఒత్తిడి మీద ఆవిరి పడతారు. డ్రయ్యర్‌కి తక్కువ తేమతో వస్తాయి. కాకపోతే బియ్యం పసుపెక్కుతుంది, ఆ రంగు మెచ్చే మార్కెట్ ఉండాలి. మావాళ్ళు కొంతమంది కేరళకి పంపేటప్పుడు రంగు సంగతి చాలా జాగ్రత్తగా చూసుకుంటారు.

రంగు ముట్టుకోకుండా చేయగలిగింది ఒకటి: ఆవిరి పట్టాక ట్యాంకులోంచి తీసేటప్పుడు నీళ్ళు బాగా కారనివ్వాలి. హడావిడిలో కారుతూ కారుతూనే ఎలివేటర్ ఎక్కిస్తారు. ఆ కారే నీళ్ళను కూడా మన ఊకే ఆవిరి చేయాలి.

#24 ఆవిరి_ఆడిటర్

28 శాతంతో వస్తే ఆరిన టన్నుకు తీయాల్సింది 194 కిలోలే, 323 కాదు. నలభై శాతం పని డ్రయ్యర్ దాకా రాకుండానే తప్పింది. పాలపొడి గారి మాటకు దండం.

మాస్టారి 95 రూపాయల సంగతికొస్తా. ఆ డబ్బు తిరిగి రావాలంటే దారి ఒకటే: పీఆర్‌వీ ఉన్న చోట టర్బైన్. ఆవిరి దిగుతూ కరెంటు ఇచ్చి, మిగిలిన వేడితో రేడియేటర్‌కు వెళ్తుంది. 45 బార్, 400 డిగ్రీల బాయిలర్ పెట్టి 4 బార్‌కు దించితే టన్ను ఆవిరికి 90 యూనిట్ల దగ్గర వస్తాయి. పెద్ద మిల్లులు, చక్కెర ఫ్యాక్టరీలు చేసేది అదే. ఊకపొయ్యి గారి 10 కేజీ తడి ఆవిరితో 25–30 యూనిట్లు వస్తే గొప్ప. దాన్నీ బ్యాచ్‌ల మధ్య ఆగుతూ, లేస్తూ నడపాలి. చిన్న టర్బైన్ బ్లేడ్లు తడి ఆవిరికి తినేస్తాయి. ఈ మిల్లుకు నేను సలహా ఇవ్వను. కొత్త బాయిలర్ కొనే రోజు వస్తే అప్పుడు ప్రెజర్ గురించి ఆలోచించండి, ఎక్సర్జీ లెక్క అక్కడ నిజంగా పనికొస్తుంది. ఇంత ఒప్పుకున్నాను చాలా మాస్టారూ?

#25 రెండో_సూత్రం

బోలెడు. నేను కూడా ఒకటి ఒప్పుకుంటాను. ఈ మిల్లులో రేపు పొద్దున చేయదగినవన్నీ మీ థర్మామీటర్ చెప్పినవే.

#26 ఆవిరి_ఆడిటర్

సరే అయితే ఊకపొయ్యి గారూ, రేపు పొద్దున పని:

స్టీమ్ ట్రాప్‌లు (ఆవిరిని ఆపి, చల్లారిన నీళ్ళను మాత్రమే వదిలే వాల్వులు) చూడండి. కండెన్సేట్ (ఆవిరి నీరుగా మారిన వేడి నీళ్ళు) మురిక్కాలవలోకి పోతుంటే ఆపి బాయిలర్ ఫీడ్ ట్యాంక్‌కి తిప్పండి. ఫీడ్ నీళ్ళు 6 డిగ్రీలు పెరిగితే ఊక 1 శాతం తగ్గుతుంది, 30 డిగ్రీల నీళ్ళ బదులు 90 డిగ్రీల నీళ్ళు వెళ్తే 10 శాతం.

మాయిశ్చర్ మీటర్ నమ్మకండి. వేడి వడ్ల మీద, పైగా రా వడ్లకు సెట్ చేసిన మీటర్‌తో బాయిల్డ్ వడ్లను చూస్తే తప్పు చూపిస్తుంది. ఒక శాంపిల్ ఓవెన్‌లో పెట్టి సరిచూడండి.

బాబాయ్ చెప్పిన రెండు దఫాలు. తేమ 18 శాతం దగ్గర ఆపి, కొన్ని గంటలు బిన్‌లో ఉంచి, రెండోసారి 70 డిగ్రీలు దాటకుండా.

రెండో దఫా ఎగ్జాస్ట్ దాదాపు పొడి గాలే. దాన్ని మొదటి దఫా నడిచే డ్రయ్యర్ బ్లోయర్ నోటికి కలపండి. 30 డిగ్రీల గాలిని వేడి చేసే బదులు 50 డిగ్రీల గాలిని వేడి చేస్తారు.

#27 ఊకపొయ్యి (ఆరు వారాల తర్వాత)

అందరికీ మళ్ళీ నమస్కారం. బతికే ఉన్నాను.

మీటర్ విషయం మొదట చెప్పాలి, సిగ్గేస్తోంది గానీ. మీటర్ 14 చూపిస్తున్నప్పుడు ఓవెన్‌లో పెడితే 12.5 వచ్చింది. అంటే ఇన్నాళ్ళూ అత్యంత ఖరీదైన చివరి గంట మొత్తం అనవసరంగా నడిపాం. ఊక పోయింది సరే, టన్నుకు 17 కిలోల బరువు కూడా పోయింది. తూకం మీద అమ్మే సరుకులో! నాన్నకి చెప్తే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ట్రాప్‌లు ఐదుంటే రెండు తెరుచుకునే ఉండిపోయాయి, ఆవిరి నేరుగా కాలవలోకి. మార్చాం. కండెన్సేట్ లైన్ వేశాం.

పాత గోడౌన్‌లో రెండు గదులను బిన్‌ల కింద మార్చి రెండు దఫాలు మొదలుపెట్టాం. నూకలు తగ్గాయని మర మేస్త్రీ తనంతట తనే వచ్చి చెప్పాడు.

ఎగ్జాస్ట్ కలపడం దగ్గర దెబ్బ తిన్నాం. డక్ట్ వేసిన నాలుగో రోజుకే రేడియేటర్ ఫిన్‌ల మధ్య దుమ్ము, పొట్టు ఇరుక్కుని గాలి సగానికి పడిపోయింది. 80 డిగ్రీలు రావడమే మానేసింది. తీసేద్దామనుకున్నాం. చివరికి డక్ట్ మధ్యలో పెద్ద పెట్టె లాంటిది కట్టి గాలి వేగం తగ్గించి, దోమల జాలీ బిగించాం. షిఫ్ట్‌కి ఒకసారి జాలీ దులపాలి. ఇప్పుడు నడుస్తోంది.

మొదటి దఫా ఎగ్జాస్ట్ 43–46. రెండో దఫా 52 దగ్గర. బయటి నుంచి ఊక కొనడం పోయిన పది రోజులుగా ఆపేశాం. మిగల్లేదు, కానీ చాలుతోంది.

#28 గోదారి_మిల్లర్

శభాష్! నూకలు తగ్గిన డబ్బు ఊక డబ్బు కంటే ఎక్కువ, రాసి పెట్టుకో.

#29 రెండో_సూత్రం

చాలా సంతోషం. మీ అంకెలు క్లాసులో వాడుకోవచ్చా? మిల్లు పేరు లేకుండానే.

#30 ఊకపొయ్యి

వాడుకోండి సార్. ఆ 53 శాతం రిపోర్ట్ కూడా స్కాన్ చేసి పంపిస్తా, పిల్లలకి చూపించండి.

ఇంకో డౌట్ ఉంది. ఊక తక్కువ కాలుస్తున్నాం కదా, బూడిద నల్లగా వస్తోంది, ఇంతకుముందు తెల్లగా ఉండేది. గాలి తక్కువైందా?

#31 ఆవిరి_ఆడిటర్

నల్లగా ఉందంటే కర్బనం మిగిలిపోతోంది, ఊక పూర్తిగా కాలట్లేదు. లోడ్ తగ్గాక డాంపర్ (పొయ్యికి గాలిని పెంచే, తగ్గించే మూత) సెట్టింగ్ మార్చారా? ఫర్నేస్ ఫోటో పెట్టండి, కొత్త దారం తెరవండి. ఇది డ్రయ్యర్ సంగతి కాదు.